ఒత్తులమ్మ దిద్దని పుస్తకం

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అంతే. నోటితో ఎవరూ పిలవగా నేను వినలేదు. కంపోజిటర్లు మొదలు బైండింగు వాళ్ళ దాకా అందరికీ ఆమె ఒత్తులమ్మ. ఉండాల్సిన చోట ఒత్తు లేకపోయినా, అక్కర్లేని చోట ఒత్తు పడినా ఆమె ఎర్ర పెన్సిలు ఊరుకునేది కాదు. మొదట్లో ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరది. పిన్ని నవ్వి, "పిలవనీ, అందులో తప్పేం లేదుగా" అంది. దాంతో అదే స్థిరపడిపోయింది.

మిషన్ హాలుకీ ఆమె బల్లకీ మధ్య ఒక చెక్క గోడ. అవతల మిషన్ తిరుగుతున్నంతసేపూ ఇవతల ఆమె సిరాబుడ్డి వణుకుతుండేది. తడిగా వచ్చే పొడుగాటి ప్రూఫు కాగితాల మీద చెక్క స్కేలు పెట్టి, వరస వరసకీ కిందికి జరుపుతూ, పెదవులు కదిలిస్తూ చదివేది. వీధిలో నడుస్తున్నా అదే జబ్బు. మా వీధి టైలరు బోర్డు మీద తప్పు ఉందని రోజూ ఆగి చెప్పి చెప్పి, చివరికి అతనిచేత మళ్ళీ రంగు వేయించింది. పెళ్ళికి ముందు వరుడి ఇంటి నుంచి శుభలేఖ నమూనా వస్తే దాన్నీ దిద్ది పంపిందట. ఆ మాట చెప్పి మా బాబాయి ఎప్పుడూ నవ్వేవాడు. "నా పేరు నాకే తప్పని చూపించిందమ్మా. అప్పుడే తెలిసింది, ఈవిడతో వాదన పెట్టుకోకూడదని."

చెక్క గోడలో జానెడు కిటికీ ఒకటి ఉండేది. అందులోంచి ప్రూఫులు అందించేది ఒక పెద్ద కంపోజిటరు. ఎప్పుడు చూసినా వేళ్ళు సీసపు అక్షరాల మసితో నల్లగా ఉండేవి కాబట్టి ఆయన్ని సీసం అన్నయ్య అనేవారు. పిన్నిని చెల్లెమ్మా అని పిలిచేవాడు. "చెల్లెమ్మా, ఇందులో నా తప్పులు మూడే. మిగిలినవన్నీ రాసినాయనవి" అని కిటికీలోంచి కాగితం తోసేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణంతా ఆ జానెడు కిటికీ పట్టేటంతే.

ఆ ప్రెస్సుకి పేరు తెచ్చిన రచయిత ఒకాయన ఉండేవాడు. అందరూ గురువుగారు అనేవారు. సాయంత్రాలు పాఠాలు చెప్పేవాడు. నోరు విప్పితే వంద మంది కదలకుండా కూర్చునేవారు. ఎక్కడ ఏ మాట ఎలా పుట్టిందో, ఏ నుడికారానికి అర్థమేమిటో ఆయన చెబుతుంటే వినాల్సిందే. కానీ ఆయన చదువంతా చెవుల ద్వారా వచ్చినది. రాతలో దకారం దగ్గర ఆయనకు పట్టు తప్పేది. నింద అని రాయాల్సిన చోట నింధ. మర్యాద మర్యాధ అయ్యేది. అధికారంలో ఉండాల్సిన ఒత్తు మాత్రం ఎగిరిపోయి అదికారం మిగిలేది. అన్నిటికీ మించి, చాటుమాటు అనే మాటని ఆయన ఎప్పుడూ ఛాటుమాటు అనే రాసేవాడు.

ఆ సంగతి ఈ లోకంలో తెలిసింది ఇద్దరికే, అక్షరాలు పేర్చే అన్నయ్యకీ దిద్దే పిన్నికీ. మిగతా రచయితల తప్పుల మీద జోకులు వేసుకునేవారు కానీ గురువుగారి తప్పుల మీద ఎప్పుడూ వేసుకోలేదు. పెద్దాయన, తొందరలో రాసి ఉంటారు అనుకునేవారు. పిన్ని అన్నీ దిద్ది, మళ్ళీ అచ్చు తీయించి, శుభ్రమైన ప్రతి ఒక్కటే ఆయనకు పంపేది. ఆయన చూడకుండానే సంతకం పెట్టేవాడు. అలా ఎనిమిది పుస్తకాలు వచ్చాయి. తాను తప్పులు రాస్తానని ఆయనకే తెలియదు. తెలియనివ్వలేదు పిన్ని.

ఎనిమిదో పుస్తకం విడుదల సభలో ప్రెస్సు యజమాని ఉత్సాహం పట్టలేక మైకు ముందుకెళ్ళాడు. "గురువుగారి పుస్తకంలో మీరు భూతద్దం పెట్టి వెతికినా ఒక్క తప్పు దొరకదు. ఎందుకో తెలుసా? అదిగో, చివరి వరసలో కూర్చుందే, మా ఒత్తులమ్మ. సగం పుస్తకం ఆవిడదే అనుకోండి!" అన్నాడు. జనం వెనక్కి తిరిగి చూసి చప్పట్లు కొట్టారు. అంతకుముందు గురువుగారికి కొట్టిన వాటికంటే ఎక్కువసేపే కొట్టారు. పిన్ని సిగ్గుతో తల దించుకుంది. గురువుగారూ కొట్టారు, కానీ అందరికంటే ముందు ఆపేశారు.

పన్నెండు రోజులకి మొదటి ఉత్తరం వచ్చింది.

అది యజమానికి వచ్చింది. పంపినవాడి పేరు లేదు, సంతకం లేదు. ఎడమచేత్తో రాసినట్టు వంకర అక్షరాలు. ప్రెస్సులో పరీక్ష ప్రశ్నపత్రాలు అచ్చవుతాయి కదా, వాటిని దిద్దే ఆడమనిషి ముందుగానే బయటికి చేరవేస్తోంది అని సారాంశం. యజమాని దాన్ని చదివి సొరుగులో పడేశాడు. పిన్నికి చెప్పలేదు.

రెండోది మా బాబాయికి వచ్చింది. బాబాయి బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బండి ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాసుకోవడమే ఆయన పని. ఆ ఉత్తరం వచ్చాక తొమ్మిది రోజులు ఇంట్లో ఆయన నోట మాట లేదు. అడిగితే తలనొప్పి అనేవాడు. పదో రోజు చొక్కా ఉతకబోతూ పిన్ని జేబు తడిమింది. మడత పెట్టిన కాగితం ఒకటి దొరికింది. అందులో ఆమె ఏ రోజు ఎన్ని గంటలకు ఇల్లు కదిలింది, ఎన్నింటికి తిరిగొచ్చింది, తొమ్మిది రోజులవీ నీటుగా గీతలు గీసి రాసి ఉన్నాయి. అచ్చంగా డిపోలో బస్సుల పట్టీలాగే.

ఆ చొక్కా చేతిలో పట్టుకునే ఆమె గదిలోకి వెళ్ళింది.

"నేనేమైనా నీ డిపో బండినా?"

బాబాయి తల ఎత్తలేదు. పెట్టె అడుగు నుంచి ఉత్తరం తీసి మంచం మీద పెట్టాడు. "ఆకాశరామన్న ఉత్తరమే. నేను నమ్మలేదు" అన్నాడు. దుప్పటి అంచు సర్దుతూ, "కానీ…" అన్నాడు.

"కానీ ఏంటి?"

"ఆ కంపోజిటరు రోజూ నీతో ఏం మాట్లాడతాడు?"

పిన్ని ఆ ఉత్తరాన్ని ముట్టుకోలేదు. "పేరు చెప్పుకోలేని వెధవ రాసింది నా ఇంట్లో నేను చదవను. నువ్వు చదువుకున్నావుగా, చాలు. దాచుకో" అంది. ఆ 'కానీ' అన్న మాట తర్వాత చాలా ఏళ్ళు ఆ ఇంట్లో తిరిగింది. బాబాయి చెడ్డవాడు కాదు. కానీ విషం చుక్క పడ్డాక గ్లాసు కడిగినా తాగడానికి మనసొప్పదు కదా, అలా అయింది.

మూడో ఉత్తరం అన్నయ్య భార్యకు వెళ్ళింది. ఆవిడ భర్తని అడగలేదు, ఆలోచించలేదు. తిన్నగా ప్రెస్సు గేటు దగ్గరికొచ్చి నిలబడి అరిచింది. మిషన్ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో ఆవిడ అన్న ప్రతి మాటా అందరికీ వినపడింది. అన్నయ్య నడుముకు కట్టుకున్న మసిగుడ్డ విప్పి మేకుకు తగిలించి, చేతులు కడుక్కోకుండానే ఆవిడ వెనకే వెళ్ళిపోయాడు. కిటికీ వైపు చూడలేదు. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి, కూతురు ఉండే ఊరికి వెళ్ళిపోయారట. అంత గొప్ప పనితనం ఉన్న మనిషి అక్కడ ఏదో గోదాములో బస్తాలు లెక్కపెట్టే పనికి కుదిరాడని తర్వాత తెలిసింది.

నాలుగోది పరీక్షల కార్యాలయానికి వెళ్ళింది. వాళ్ళు ప్రెస్సుకి ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. అప్పుడు యజమాని పిన్నిని గదిలోకి పిలిచాడు.

"కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండమ్మా. విచారణ అయ్యాక చూద్దాం."

"పేరు లేని ఉత్తరానికి నాకు శిక్షా?"

"శిక్ష అని ఎందుకనుకుంటావు? పేరు లేకపోయినా విషయం రాశాడు కదా."

"నేనిక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేశాను. దానికి పేరుంది, సంతకం ఉంది. అది విషయం కాదా?"

యజమాని పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. పిన్ని తన చెక్క స్కేలు సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది.

ఏడు నెలలు ఇంట్లో ఉంది. ఆ ఏడు నెలల గురించి నాకొకసారి చెప్పింది. "ఆకాశరామన్న అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలుసనుకున్నానే. ఎన్నిసార్లు దిద్దలేదు ఆ మాటని! చిరునామా లేనివాడు అని అర్థం. అంతేగా అనుకున్నాను. ఇంట్లో కూర్చున్నాక అసలు అర్థం తెలిసింది. ఆకాశం అంటే పైన ఎక్కడో లేదు. నెత్తి మీదుంది, కిటికీలోంచి కనిపిస్తుంది, నడుస్తుంటే కూడా వస్తుంది. పాలవాడు నవ్వితే వీడేనా అనుకునేదాన్ని. పక్కింటావిడ నవ్వకపోతే ఈవిడేనా అనుకునేదాన్ని. బైండింగులో పనిచేసే ముసలాయన పలకరించడానికొస్తే ఆయన చేతులకేసి చూస్తూ కూర్చున్నాను, ఎడమచేత్తో రాయగలడా అని. పాపం, చూసిపోదామని వచ్చాడు. ఒక్కణ్ణి పట్టుకోలేక ఊరందర్నీ దొంగల్ని చేశాను."

ఆ రోజుల్లోనే ఆమెలో కోపం గట్టిపడింది. ఏడుపు మొదటి నెలతో అయిపోయింది. ఆ తర్వాత ఆమె ఏడవలేదు. దొరికితే ఏం చేయాలి అన్నదొక్కటే ఆలోచించేది.

విచారణ తేలింది. ఏ ప్రశ్నపత్రమూ ఎప్పుడూ బయటికి పోలేదని కార్యాలయం రాసి ఇచ్చింది. ఈలోగా ప్రెస్సు పరువు వేరే దారిలో పోతోంది. ఆమె లేని ఏడు నెలల్లో అచ్చయిన పిల్లల వాచకంలో పేజీకి పది తప్పులు దొర్లాయి. పుస్తకాలు కట్టలు కట్టలుగా వెనక్కొచ్చాయి. యజమాని తానే ఇంటికొచ్చి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"జరిగిందేదో జరిగిపోయింది. రేపట్నుంచి రామ్మా."

"వస్తాను. ఆ ఉత్తరాలు నాకివ్వండి. మీకొచ్చిందీ, ఆఫీసుకి వెళ్ళిందీ, రెండూ."

"ఇప్పుడవెందుకు? మనసు పాడుచేసుకోవడానికా?"

"పాడవడానికి ఇంకేం మిగల్లేదు లెండి. ఇస్తే వస్తాను."

మర్నాడు ఉదయం తన బల్ల ముందు కూర్చుని ఆమె ఆ రెండు ఉత్తరాలూ, పెట్టె అడుగు నుంచి తీసుకొచ్చిన బాబాయి ఉత్తరమూ పరుచుకుంది. అవతల మిషన్ తిరుగుతోంది. చెక్క స్కేలు మొదటి వరస కింద పెట్టింది. అలవాటు కొద్దీ చేతిలోకి ఎర్ర పెన్సిలు వచ్చింది. ఏముందో చదవడం కంటే ముందు, చెయ్యి దానంతటదే దిద్దడం మొదలుపెట్టింది. నింధలో ఒత్తు కొట్టేసింది. మర్యాధలో ఒత్తు కొట్టేసింది. అదికారికి ఒత్తు చేర్చింది. ఈ దిద్దుబాటు ఇంతకుముందు ఎన్నోసార్లు చేసినట్టుందే అనిపిస్తుండగానే పెన్సిలు నాలుగో వరసలోకి దిగింది. 'ఆమె ఛాటుమాటుగా' అని ఉంది అక్కడ.

పెన్సిలు ఆగిపోయింది.

అక్షరాల వంకర మార్చగలిగాడు. చెయ్యి మార్చగలిగాడు. సిరా మార్చాడు, కాగితం మార్చాడు. తప్పుల్ని మాత్రం మార్చలేకపోయాడు, అవి తప్పులని ఆయనకు తెలియదు కాబట్టి.

"అప్పుడు నీకేమనిపించింది పిన్నీ?" అని అడిగాను.

"గొంతు పిసకాలనిపించింది" అంది. నవ్వలేదు.

లేచి యజమాని గది దాకా వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయింది. ఏమని చెబుతుంది? గురువుగారు తప్పులు రాస్తారంటే ఎవరు నమ్ముతారు? ఎనిమిది పుస్తకాలు కళ్ళముందున్నాయి, ఒక్క తప్పు లేకుండా. వాటి రాతప్రతులు ఎప్పుడో చిత్తుకాగితాల వాడికి వెళ్ళిపోయాయి. సాక్ష్యం చెప్పగలిగిన అన్నయ్య ఊళ్ళో లేడు. "చూశావుటే, దొంగ వేలిముద్రలన్నీ ఇరవై రెండేళ్ళుగా నేనే తుడుస్తూ వచ్చాను" అంది. తిరిగొచ్చి కూర్చుంది. ఉత్తరాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు, బాబాయికి కూడా.

నెల తిరిగేసరికి గురువుగారు స్వయంగా ప్రెస్సుకొచ్చారు. చంకలో నాలుగు వందల పేజీల రాతప్రతి. నుడికారాల పుట్టుక మీద పదిహేనేళ్ళుగా రాస్తున్న పుస్తకం. తన పేరు నిలబెట్టేది ఇదేనని అందరికీ చెబుతూ వచ్చిన పుస్తకం.

"వచ్చేశావా అమ్మా! సంతోషం. నువ్వు లేక ప్రెస్సు బోసిపోయింది. ఎవరో పాపిష్టివాళ్ళు… పోనీలే, దేవుడున్నాడు" అన్నారు, కళ్ళు చెమర్చేంత దయగా.

"ఉన్నాడండీ" అంది పిన్ని. రెండు చేతులతో రాతప్రతి అందుకుంది.

ఆయన వెళ్ళగానే విప్పింది. అకారాది క్రమంలో రాసిన పుస్తకం కాబట్టి ఆకాశరామన్న అన్న మాట తొందరగానే తగిలింది. గురువుగారి అసలు దస్తూరీలో, గుండ్రంగా, ఇలా ఉంది:

'ఆకాశరామన్న: పేరు లేని ఉత్తరము రాయువాడు. ఛాటుమాటున నిలిచి ఒకరిపై నింధ మోపును. మర్యాధ గలవారికి దొరకు ఆధరణ చూచి ఓర్వలేడు. వీని చిరునామా ఆకాశము. కనుక వీనిని పట్టుట ఎవరి తరమూ కాదు.'

మూడుసార్లు చదివిందట. నాలుగు వీధుల అవతల ఉంటాడు ఈయన. రోజూ సాయంత్రం చేతికర్ర పట్టుకుని షికారుకెళ్తాడు. ఎవరి తరమూ కాదట!

ఎర్ర పెన్సిలు తీసి సొరుగులో పెట్టింది. బదులుగా నీలం పెన్సిలు తీసుకుంది, కంపోజింగు తప్పులకు మాత్రమే.

ప్రూఫు దిద్దేవాళ్ళ పని, నిజానికి, రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు అచ్చయిందా లేదా చూడటమే. రచయిత తప్పుల్ని దిద్దమని ఎవరూ చెప్పరు. అది ఆమె ఇన్నాళ్ళూ ప్రేమతో చేసిన అదనపు చాకిరీ. ఇక చేయదు, అంతే. అన్నయ్య చోట్లో కొత్తగా వచ్చిన కంపోజిటరు అమ్మాయి రెండో రోజే కిటికీలోంచి తొంగి చూసింది.

"ఒత్తులమ్మగారూ, ఇక్కడ నింధ అని ఉందండీ. నింద కదా?"

"ఆయన ఎలా రాశారు?"

"నింధ అనే రాశారు."

"అయితే అలాగే పెట్టు. గురువుగారి అక్షరం మార్చడానికి నువ్వెవరు, నేనెవరు?"

ఆ అమ్మాయి చేసిన తప్పుల్ని మాత్రం పిన్ని ఒక్కటీ వదల్లేదు. చుక్క పోయినా పట్టుకుంది. పుస్తకంలో గురువుగారి తప్పులు తప్ప ఇంకొకరి తప్పు మిగలకూడదని ఆమె పంతం. తేలికేం కాదు. తప్పు కనబడితే చెయ్యి దురదపెట్టేది, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో స్కేలు జరిపేది. యజమాని గురించి ఆలోచించలేదా అంటే, ఆలోచించింది. ప్రెస్సుకి కొంత మచ్చ పడుతుంది. పడనీ అనుకుంది. పేరు లేని కాగితాన్ని నమ్మి పేరున్న మనిషిని బయటికి పంపినందుకు ఆ మాత్రం పడాల్సిందే.

పదహారు పేజీల ప్రతి ఫారమూ అచ్చుకి వెళ్ళేముందు గురువుగారి ఇంటికి ఆమే తీసుకెళ్ళేది. యజమానిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళింది రెండుసార్లు.

"ఒక్కసారి చూడండి గురువుగారూ. పెద్ద పుస్తకం. నా కళ్ళు మునుపటిలా లేవు."

"నీ చేతిలో పడ్డాక నేను చూసేదేముందమ్మా" అని ఆయన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టేవారు.

"చూస్తేనే నాకు ధైర్యమండీ."

"వెర్రిదానా! నీకంటే నాకెవరున్నారు" అని నవ్వేవారు. యజమాని కూడా నవ్వేవాడు. పిన్ని కాగితాలు లెక్కపెట్టుకుని సంచిలో పెట్టుకునేది. ఈసారి రాతప్రతి ఒక్క కాగితం కూడా చిత్తుకి పోలేదు.

సభకి హాలు నిండింది. ఒక పెద్ద బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి విరమించిన టీచరమ్మ పుస్తకం అందుకుని అందులోంచి ఒక పేజీ చదవాలి. ఏ పేజీ బాగుంటుందని యజమాని అడిగితే పిన్నే ఎంచి, రంగు కాగితం ముక్క పెట్టి ఇచ్చింది. ఆ టీచరమ్మ గురించి అందరికీ తెలుసు, కాగితంలో ఎలా ఉంటే అలా, అక్షరం అక్షరం విడమరిచి చదువుతుంది.

"ఆకాశరామన్న" అని మొదలుపెట్టింది ఆవిడ గట్టిగా. "పేరు లేని ఉత్తరము రాయువాడు. ఛా… ఛాటుమాటున నిలిచి…" ఆగి కళ్ళజోడు సర్దుకుంది. "ఒకరిపై నింధ మోపును. నిం-ధ. మర్యాధ గలవారికి దొరకు ఆధరణ…"

వెనక కూర్చున్న కాలేజీ పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ తల ఎత్తి, నిజంగానే అర్థంకాక అడిగింది. "గురువుగారూ, ఈ నింధ అన్నది ఏదైనా పాత మాటా? నేనెప్పుడూ వినలేదే."

హాలు గొల్లుమంది.

గురువుగారు పుస్తకం లాక్కుని చూశారు. ఒక పేజీ, ఇంకో పేజీ, గబగబా తిప్పారు. ముఖం కందగడ్డ అయింది. "అచ్చుతప్పులు! అన్నీ అచ్చుతప్పులే! నా పదిహేనేళ్ళ కష్టాన్ని ఈ ప్రెస్సువాళ్ళు మట్టిపాలు చేశారు! ఆ దిద్దే మనిషికి అక్షరం ముక్క రాదు!" అన్నారు మైకులో.

యజమానికి పౌరుషం వచ్చింది. "ఒత్తులమ్మకా? అక్షరం రానిది ఒత్తులమ్మకా?" అని లేచాడు.

పిన్ని చివరి వరస నుంచి లేచి, గుడ్డసంచి పట్టుకుని నడుచుకుంటూ వేదిక దాకా వచ్చింది. తొందరపడలేదు. సంచి టీచరమ్మ ముందు పెట్టి, "మూలప్రతి ఇదేనండీ. ఆయన దస్తూరీ. సంతకం చేసిన ప్రూఫులు కూడా ఉన్నాయి" అంది.

టీచరమ్మ ముప్పై ఏళ్ళు జవాబు పత్రాలు దిద్దిన మనిషి. అక్కడే, అందరి ముందే, వేలు పెట్టి పోల్చుకుంటూ వెళ్ళింది. "ఇక్కడా నింధే ఉంది… ఇదీ ఛాటుమాటే… ఇదీ మీరే రాశారు…" అని ప్రతిదీ పైకి చదివింది. ఆపమని ఆవిడకు ఎవరూ చెప్పలేకపోయారు. గురువుగారు కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆ వారంలోనే ఊళ్ళో ఆయనకు ఛాటుమాటుగారు అని పేరు పడింది. షికారుకెళ్తే పిల్లలు చాటునుంచి అరిచి పారిపోయేవారు. సాయంత్రం పాఠాలకి వచ్చేవాళ్ళు పలచబడి, చివరికి ఇద్దరు మిగిలారు, వాళ్ళూ మానేశారు. పుస్తకం దుకాణాల నుంచి తిరిగొచ్చింది. యజమాని ఆమెను ఒకసారి సూటిగా చూసి, "నీకు కనపడలేదా అమ్మా?" అని అడిగాడు. "కనపడ్డాయండీ. రాసినాయన సంతకం కూడా కనపడింది" అంది.

నెల రోజులకి గురువుగారు ప్రెస్సుకొచ్చారు. భోజనాల వేళ, హాల్లో ఎవరూ లేరు. బల్ల ముందు నిలబడ్డారు. పిన్ని కూర్చోమనలేదు.

"ఇరవై రెండేళ్ళు దిద్దావు. ఇప్పుడెందుకు మానేశావు?"

పిన్ని సంచిలోంచి మూడు ఉత్తరాలు తీసి ఆయన ముందు పరిచింది. ఎర్ర పెన్సిలు గుర్తులతో అవి పొక్కులు లేచినట్టున్నాయి.

"మానలేదండీ. ఇవి కూడా మీ రచనలేగా, దిద్ది పెట్టాను. మూడింట్లో కలిపి పదిహేడు తప్పులు. సంతకం మర్చిపోయారు. అదొక్కటీ మీరే పెట్టాలి."

గురువుగారు వాటిని చూసి బల్ల అంచు పట్టుకున్నారు. "ఎవరికైనా చెప్పావా?" అన్నారు.

"మీ నోటితో ఒప్పుకున్నట్టే ఇక" అంది పిన్ని. "ఎవరికీ చెప్పలేదు. మీరే చెబుతారు. కూర్చోండి."

అప్పుడు కూర్చోబెట్టింది. తెల్లకాగితాలు మూడు ముందు పెట్టింది. పరీక్షల కార్యాలయానికి ఒకటి, మా బాబాయికి ఒకటి, అన్నయ్య భార్యకు ఒకటి. నేనే రాశాను, అబద్ధం రాశాను అని. పేరుతో, ఇంటి నంబరుతో.

"ఇంత అవమానం చాల్లేదా నీకు?" అన్నారాయన. "నన్ను ఊళ్ళో తలెత్తుకోనివ్వకుండా చేశావు. సభలో అందరూ నీకే చప్పట్లు కొట్టారమ్మా… నా పుస్తకానికి… ఒక్క క్షణం మనసు…"

"ఒక్క క్షణంలో నాలుగు ఉత్తరాలు రాయరండీ. నాలుగు సార్లు కాగితం కొన్నారు, నాలుగు సార్లు పోస్టు డబ్బా దాకా నడిచారు. రాయండి."

రాశారు. పిన్ని పక్కనే నిలబడి చూసింది. తప్పులు దొర్లాయి, దిద్దలేదు. తానే తీసుకెళ్ళి పోస్టులో వేసింది.

బాబాయి తన ఉత్తరం డిపోలో అందుకుని, పని మధ్యలో ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఆయన వేళ తప్పింది ఆ ఒక్కరోజే. "నేను అప్పుడే నిన్ను అడగాల్సింది" అన్నాడు. "అవును" అంది పిన్ని. ఫర్వాలేదు అంటుందేమో అని చాలాసేపు చూశాడు. ఆమె అనలేదు. ఆ తర్వాత కలిసి బాగానే బతికారు, ఒకరికొకరు చేసుకున్నారు. కానీ ఆ మాట ఆమె నోట ఎప్పటికీ రాలేదు.

అన్నయ్య కోసం ఆ ఊరు వెళ్ళింది ఒకసారి. నాలుగు గంటల బస్సు ప్రయాణం. తలుపు ఆయన భార్యే తీసింది. మంచినీళ్ళిచ్చింది, ఉత్తరం అందిందని చెప్పింది, నోరు జారాను క్షమించమని కూడా అంది. కానీ పిన్ని ఉన్నంతసేపూ వాళ్ళిద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది, లేవలేదు. అన్నయ్య వేళ్ళు తెల్లగా అయిపోయాయి. ప్రెస్సుకి తిరిగి రమ్మని యజమాని చెప్పమన్నాడంటే, భార్య ముఖం చూసి, "ఇక్కడ అలవాటైపోయిందండీ" అన్నాడు. అండీ అన్నాడు పిన్నిని. తిరుగు బస్సులో కూర్చున్నాక, సభ రోజు చల్లారిందనుకున్న కోపం మళ్ళీ మొదటికొచ్చిందని చెప్పింది. ఉత్తరం రాయించింది కానీ, ఆ కుర్చీని అక్కడి నుంచి తీయించలేకపోయింది.

గురువుగారు ఆ తర్వాత మూడేళ్ళు బతికారు. ఇంట్లోంచి బయటికి రాలేదు. పోయారని కబురు రాగానే యజమాని పాత స్నేహం కొద్దీ మిషన్ ఆపించి, అందరం వెళ్ళొద్దామన్నాడు. పిన్ని బల్ల దగ్గర నుంచి లేవలేదు. చావు దగ్గర పగలేంటమ్మా అని బైండింగు ముసలాయన నచ్చజెప్పబోయాడు. "మీరు వెళ్ళిరండి. నాకు పదహారు పేజీలున్నాయి" అంది. అందరూ వెళ్ళిపోయారు.

ఆ సంగతి చెప్పినప్పుడు నేను, "పోనీ ఒక్కసారి వెళ్ళొస్తే నీ మనసు తేలికపడేదేమో పిన్నీ" అన్నాను.

"నా మనసుకేమైంది?" అంది. "పదహారు పేజీలూ పూర్తిచేశాను. అన్నం డబ్బా విప్పాను. ఆ పూట నాకు బాగా ఆకలేసిందే. ఒక్క మెతుకు మిగల్చలేదు."